దసరా సెలవులకు పెద్దలు ఒప్పుకోని ఏడు సలహాలు

క్వార్టర్లీ పరీక్షలు ముగిసి బడికి తాళం పడగానే కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగు ఇళ్ళలో ఒకటే మాట: "ఇన్ని రోజులు ఈ పిల్లల్ని ఎట్లా పట్టేది?" వెంటనే హిందీ ట్యూషన్, అబాకస్ క్లాసు, కొడైకెనాల్ ట్రిప్పు, మదురైలో షాపింగ్ అంటూ జాబితా తయారవుతుంది. దసరా అయిందనుకునేలోపు దీపావళి వచ్చి పడుతుంది. పిల్లలు అలిసిపోతారు, పెద్దవాళ్ళు అంతకన్నా అలిసిపోతారు.

నా సలహాలు ఆ జాబితాకు పూర్తిగా అడ్డం తిరిగినవి. మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా పిల్లలున్న ఇళ్ళ కోసం రాస్తున్నాను. ఇవి వింటే ఇంట్లో పెద్దమ్మలూ మామయ్యలూ "ఇదేం పెంపకం?" అని తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి.

1. దూరం వెళ్ళకండి, దగ్గరికైనా త్వరగా చేరకండి

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. 44వ జాతీయ రహదారి మీద కారులో గంటలోపే చేరిపోవచ్చు. శ్రీనగర్‌లో బయలుదేరి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారికి పోయే రోడ్డే అది. పెద్దవాళ్ళకు మంచి రోడ్డే గానీ, వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు డివైడరూ లారీల వెనకవైపూ తప్ప ఏమీ కనపడవు.

కారు ఇంట్లో వదిలేసి, ఆగుతూ ఆగుతూ పోయే రైలు చూసుకుని ఎక్కండి. సాత్తూరు దగ్గర వైప్పారు నది దాటుతుంటే కిటికీ పక్క చోటు పిల్లలకే ఇవ్వండి. వంతెన మీద రైలు చప్పుడు ఎట్లా మారుతుందో వాళ్ళే కనిపెడతారు. సాత్తూరు కారసేవు పొట్లం ఒకటి చేతికిస్తే చాలు, ఆ బోగీలో వాళ్ళకు వేరే వినోదం అక్కర్లేదు.

విరుదునగర్‌లో దిగాక కామరాజ్ పుట్టిపెరిగిన ఇంటికి నడిపించండి. 1903లో ఆ ఊళ్ళో పుట్టినాయన ముఖ్యమంత్రి అయ్యాక బడిపిల్లలకు మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరించాడన్న ఒక్క ముక్క చెబితే, బడిలో పళ్ళెం పట్టుకుని కూర్చునే పిల్లకు అది చాలు. చీకటి పడ్డాక నూనెలో కరకరలాడేట్టు వేయించిన పరోటా తునకల మీద సాల్నా పోయించి తినిపించి, మళ్ళీ రైలెక్కి ఇంటికి రండి. చిన్న స్టేషన్లో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే కు. అళగిరిసామి రాసిన ‘కుమారపురం స్టేషన్’ కథ పేరు చెప్పండి. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఆ బుల్లి స్టేషను తమిళ సాహిత్యంలో నిలిచిపోయింది.

2. చూడదగ్గ చోటికి తీసుకెళ్ళి ఏమీ చెప్పకండి

కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై దగ్గరే. కొండమీద పాండ్యుల కాలంలో, 8వ శతాబ్దం ప్రాంతంలో ఒకే రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన వేట్టువాన్ కోయిల్ ఉంది. పక్కనే బండల మీద వరసగా జైన తీర్థంకరులు. పెద్దవాళ్ళు అక్కడికి పోగానే గైడ్లయిపోతారు. రాజు పేరు, శతాబ్దం, ఎల్లోరాతో పోలిక, చివర్లో "ఏదీ, ఇప్పుడు చెప్పిందంతా మళ్ళీ చెప్పు" అని ఒక పరీక్ష.

ఈ అలవాటు మానండి. నీళ్ళ సీసా ఇచ్చి, అంచుల దగ్గరికి పోకుండా చూసుకుంటూ పక్కన కూర్చోండి. పైనున్న శిఖరం మీద బొమ్మలు, నందులు అంత నున్నగా చెక్కి ఉంటాయా, కిందికి వచ్చేసరికి రాయి మొరటుగా అట్లాగే మిగిలిపోయి ఉంటుంది. గుడి పూర్తి కాలేదు. అది పిల్లల కంటబడటానికి కొంత సేపు పడుతుంది. పడిందంటే మాత్రం ప్రశ్నలు వాళ్ళవే: కింద ఎందుకు చెక్కలేదు? వాళ్ళకు కోపం వచ్చిందా? వాన వచ్చిందా? జవాబు మీరు ఇవ్వకండి. వెయ్యేళ్ళకు పైగా సగంలో ఆగిన పని ముందు నిలబడి సొంతంగా ఊహ చేసుకున్న పిల్ల, ఆ గుడిని ఎప్పటికీ మరిచిపోదు.

3. కొలువు మెట్లు పిల్లలకు అప్పగించండి

మన ఇళ్ళలో నవరాత్రి కొలువు అంటే తొమ్మిది రోజులూ "ముట్టుకోవద్దు" అన్న పాటే. మదురై పక్కన విలాచ్చేరిలో చేసిన మట్టిబొమ్మలూ, అమ్మమ్మ ఇచ్చిన చెక్క మరపాచి జంటా, తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం రాజారాణీ, ఏటికొప్పాక లక్కపిడతలూ అన్నీ పైన మెట్ల మీద. పిల్లలు కింద చాప మీద చేతులు కట్టుకుని శనగలు తినాలి.

కింది రెండు మెట్లు వాళ్ళకే వదిలేయండి. దశావతారాల పక్కన ప్లాస్టిక్ లారీ నిలబెడతారు, చెట్టియారు దుకాణంలో రాజుగారిని సరుకులు అమ్మడానికి కూర్చోబెడతారు. ఏమీ అనకండి. బొమ్మలు ఆడుకోవడానికే పుట్టాయి. మరపాచి బొమ్మలకు చీర కట్టి, నగలు పెట్టి, పెళ్ళి చేసిన చేతులు వందల ఏళ్ళుగా ఆడపిల్లల చేతులే. ఒక మట్టిబొమ్మ విరిగితే కోప్పడకండి, జిగురు తెచ్చి పక్కన కూర్చుని అతికించండి. అతుకు కనిపించే బొమ్మనే వచ్చే ఏడు వాళ్ళు ముందుగా వెతుక్కుంటారు.

వేషాలకు కూడా అడ్డు చెప్పకండి. కులశేఖరపట్నం ముత్తారమ్మన్ దసరాకు తూత్తుకుడి జిల్లాలో పెద్దవాళ్ళే కాళికలుగా, రాజులుగా, కోతులుగా వేషాలు కట్టి ఊరూరూ తిరుగుతారు. పాత చీర నడుముకు చుట్టుకుని పిల్లవాడు పక్కింటి గడప ముందు నిలబడితే సిగ్గుపడవలసిన పనేమీ లేదు.

4. అన్నానికి ముందే మిఠాయి పెట్టండి

అన్నం తింటేనే మిఠాయి అన్నామంటే అన్నం శిక్ష అవుతుంది, మిఠాయి బహుమతి అవుతుంది. సెలవుల్లోనైనా ఈ బేరం మానండి. కోవిల్‌పట్టి కడలై మిఠాయి పళ్ళెంలో అన్నంతో పాటే పెట్టండి. ముందు దాన్నే తింటారు, ఆ తర్వాత అన్నం దగ్గరికి తామే వస్తారు. దీపావళి తెల్లవారుజామున తలంటు పోసుకున్నాక మన ఇళ్ళలో మొదట నోట్లో పడేది లేహ్యమూ మిఠాయే కదా. ఆనాడు ఎవరికీ రాని అభ్యంతరం మిగతా రోజుల్లో ఎందుకు?

ఇంకా మంచి పని, దాన్ని చేసే చోటుకు తీసుకెళ్ళండి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి పుట్టే చోటు చాలా మామూలుగా ఉంటుంది. పెద్ద బాణలిలో బెల్లం పాకం బుడగలు వేస్తుంటుంది. చేసేవాళ్ళు ఒక చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో నొక్కి, గట్టిగా తగిలితేనే వేయించి పొట్టు తీసిన పల్లీలు పోస్తారు. పాకం బిగుసుకునేలోపే కలిపి, పరిచి, కర్రతో సమంగా ఒత్తి, కోసేయాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ముక్క పగులుతుంది. ఆ తొందర చూసిన పిల్లలు ఇంటికి వచ్చి మిఠాయిని వాసన చూసి, వెలుతురుకు పెట్టి చూసి తింటారు. ఒక్క జాగ్రత్త: నాలుగేళ్ళ లోపు వాళ్ళకు పల్లీ పలుకులు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ళకు మెత్తగా పొడి కొట్టి ఇవ్వండి.

5. వాన వస్తే బయటికి పంపండి

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగేటప్పటికి ఈ నల్లరేగడిలో మినుము, పెసర, మొక్కజొన్న, పత్తి విత్తనం పడుతూ ఉంటుంది. ఎండాకాలమంతా నోళ్ళు తెరుచుకున్న నేల మొదటి వానకే ఉబ్బి మూసుకుంటుంది. అప్పుడు చేను గట్టు మీద చెప్పులు లేకుండా పిల్లల్ని నడవనివ్వండి. పది అడుగులు వేసేసరికి మట్టి పొరమీద పొర అంటుకుని పాదం రెండింతలవుతుంది, కాలు ఎత్తడమే కష్టమవుతుంది. వాళ్ళు పడతారు, నవ్వుతారు, లేస్తారు. ఇంటికొచ్చాక ఆ మట్టి నీళ్ళు పోస్తే పోదు, వేళ్ళ సందుల్లోంచి చేత్తో గీకాలి. ఆ పనిని మీరు చేయండి. పిల్లల పాదాలు అంతసేపు చేతిలో పట్టుకునే అవకాశం ఇంకో రెండు మూడేళ్ళే ఉంటుంది.

ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ (కి.రా.) తాను వానకు తలదాచుకోవడానికే బడిలోకి వెళ్ళాననీ, అక్కడ కూడా వాననే చూస్తూ కూర్చున్నాననీ చెప్పుకునేవాడు. తెలుగువాళ్ళు వలస వచ్చి ఈ నేలలో ఊరు కట్టుకున్న కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసింది ఆయనే. ఈ మట్టిని చూస్తూ కూర్చోవడం వృథా కాదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం ఇంట్లోనే ఉంచండి. గట్టు లేని మోటబావులూ నిండిన చెరువులూ ఉన్న వైపు పెద్దవాళ్ళ చెయ్యి వదలకూడదు.

6. తప్పు తెలుగును దిద్దకండి

"అవ్వా, మళై వస్తాది, మొట్టమాడి మీద బట్టలు ఎత్తాల" అని పిల్ల పరుగెత్తుకొస్తే, "మళై కాదమ్మా, వాన" అని అడ్డుకోకండి. ఇక్కడ తెలుగు ఇంట్లో మాత్రమే ఉంది. బడి తమిళమో ఇంగ్లీషో. మాటకు మాట దిద్దితే పిల్లలు తెలుగు నేర్చుకోరు, అవ్వతో కూడా తమిళంలోకి మారిపోతారు. ముందు బట్టలు తీయండి.

భాషలు కలిస్తే పాడవుతాయని భయపడేవాళ్ళు కి.రా.ను తలుచుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడిన ఆ మనిషే 1982లో కరిసల్ అనే ఈ నల్లరేగడి నేల తమిళ మాండలికానికి నిఘంటువు తెచ్చాడు. 1991లో ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నాడు.

సెలవుల్లో పిల్లల్ని అవ్వ పక్కన పడుకోబెట్టండి. పాలెగాడు కట్టబొమ్మన్ కథ ఆమెనే చెప్పనివ్వండి. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆయన్ను ఉరి తీశారు, సరిగ్గా ఈ కాలంలోనే. ఆమె చెప్పే కథలో తేదీలు ఉండవు, గుర్రాలు ఎక్కువుంటాయి, మధ్యలో మేనమామ పెళ్ళి వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేయకండి, తప్పులు పట్టకండి. ఆమె సగంలో నిద్రపోతే మిగతా కథ మీరు పూర్తి చేయకండి. రేపు మళ్ళీ అడగడానికి ఆ పిల్లలకు ఒక కారణం ఉండాలి.

7. బొమ్మలు కొనకండి, ఖాళీ అగ్గిపెట్టెలు ఇవ్వండి

విరుదునగర్ జిల్లా వెంబకోట్టైలో 2022 నుంచి జరిగిన తవ్వకాల్లో మట్టితో చేసిన ఆటవస్తువులూ గుండ్రటి ఆటబిళ్ళలూ దొరికాయి. వైప్పారు ఒడ్డున ఆ పాతకాలపు పిల్లలు ఆడుకోవడానికి ఒక పెంకుముక్క చాలింది. ఇప్పుడూ అంతే చాలు. తొక్కుడుబిళ్ళకు గీత గీయడానికి బొగ్గు, నిలబడటానికి మీరూ ఉంటే ఆట మొదలవుతుంది. ఇడైసెవల్‌కే చెందిన అళగిరిసామి రాసిన ‘అన్బళిప్పు’లో, తనకు కానుక అందని పిల్లవాడు తనే ఒకటి తెచ్చుకుని, దాని మీద తన పేరు రాసి కానుకగా ఇమ్మంటాడు. పిల్లలకు వస్తువు కన్నా మన చేతిరాతే ముఖ్యమని ఆయనకు తెలుసు.

ఖాళీ అగ్గిపెట్టెలే ఎందుకంటే, ఈ నేలలో వాటికి ఒక చరిత్ర ఉంది. 1920ల్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. ఆ పరిశ్రమ శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అంతటా పాకి, వానలు చాలని నేలకు అన్నం పెట్టింది. ఆ అన్నంలో పిల్లల కష్టం కూడా కలిసింది. తెల్లవారక ముందే బస్సులు ఊళ్ళలోకి వచ్చి ఇప్పటి మన పిల్లల ఈడు వాళ్ళను నిద్రలోనే ఎక్కించుకుని పోయేవి. చట్రాల్లో పుల్లలు పేర్చడం, పెట్టెలు నింపడం, లేబుళ్ళు అతికించడం, ఎన్ని పెట్టెలు నింపితే అంత కూలి. 1990లో చలం బెన్నూర్కర్ తీసిన ‘కుట్టి జపానిన్ కుళందైగళ్’ డాక్యుమెంటరీ ఆ బాల్యాన్ని ప్రపంచానికి చూపించింది. 1996లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, పిల్లలతో ప్రమాదకరమైన పని చేయించిన యజమాని ఒక్కొక్క పిల్లకు 20,000 రూపాయలు కట్టాలని తీర్పు ఇచ్చింది.

అందుకే ఈ ఊళ్ళలో పిల్లలు ఏ పనీ లేకుండా గడిపే ఉదయం చౌకగా దొరికింది కాదు. మన తాతల కాలంలో, కొందరికి మన అమ్మల కాలంలో కూడా అది లేదు. అదే పెట్టెలను వరసగా దారంతో కట్టి రైలు చేసి, లోపల చీమలను ప్రయాణికులుగా ఎక్కించి, వాకిలంతా లాగుతూ తిరిగే పిల్ల, ఆ తాతలకూ అమ్మలకూ దక్కని సెలవును అనుభవిస్తున్నది. ఆ సెలవులోకి అబాకస్‌నూ హిందీ ట్యూషన్‌నూ తెచ్చి మళ్ళీ లెక్క ప్రకారం పని చేయించకండి.

బడి తెరిచిన రోజు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సెలవుల్లో పాప ఏం నేర్చుకుంది?" అని. "ఏమీ లేదండీ, ఆడుకుంది" అని తల ఎత్తి చెప్పండి.