పొలం పోయి ప్లాటు వచ్చె, ఢాం ఢాం

సూరత్ ఆగ్నేయ అంచున ఉన్న గోడాదరాలో ఒకే భూమి ఒకేసారి మూడు రూపాల్లో ఉండగలదు. గ్రామ భూమి లెక్కలు రాసే తలాటీ దఫ్తరులో అది పొలం. టౌన్ ప్లానింగ్ పటంలో అది నంబరు వేసిన ప్లాటు. నేల మీద చూస్తే మూడంతస్తుల ఇల్లు, కింద కిరాణా కొట్టు, మేడ మీద నీళ్ల ట్యాంకు. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. మూడింటికీ ముద్ర ఉన్న కాగితం ఉంటుంది. ఈ మూడు కాగితాలను ఒక్కటి చేయడానికి పట్టే కాలాన్నీ, అయ్యే ఖర్చునూ కలిపి రియల్ ఎస్టేట్ రంగం అంటారు.

2006లో సూరత్ నగరపాలిక హద్దులు సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు సాగాయి. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లతోపాటు గోడాదరా కూడా రాత్రికి రాత్రి నగరమైంది. పక్కనే లింబాయత్. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఈ పట్టీలోనే ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పగలంతా చీర నేసి, రాత్రి ఓవర్‌టైమ్ చేసి, చిట్టీ పాడి తెచ్చిన డబ్బుతో సొంత ఇల్లు కట్టుకోవాలన్నది వీళ్లలో చాలామంది కోరిక. ఈ కోరికకు అడుగడుగునా ఒక చట్టం ఎదురవుతుంది.

మొదటిది 1948 నాటి బొంబాయి కౌలు, వ్యవసాయ భూముల చట్టం. దీని 63వ సెక్షన్ ప్రకారం సాగు భూమిని రైతు కానివాడికి అమ్మకూడదు. కరీంనగర్ జిల్లాలో తాతల నాటి రెండెకరాలు దున్ని పెరిగినవాడైనా సరే, సూరత్‌లో మగ్గం ముందు నిలబడ్డాక గుజరాత్ రికార్డుల దృష్టిలో రైతు కాడు. పరిశ్రమ పెడతానని వచ్చేవారికి మాత్రం 63ఏఏ అనే ప్రత్యేక ద్వారం ఉంది. ఫ్యాక్టరీకి పొలం కొనవచ్చు, ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు పడుకోవడానికి కొనకూడదు. చట్టం ఉద్దేశం నేలను దున్నేవాడికి కాపాడటం. ఆ ఉద్దేశాన్ని ఇప్పుడు ఎక్కువ శ్రద్ధగా కాపాడుతున్నవారు భూమి డెవలపర్లు. వాళ్ల వ్యవహారాల్లో ముందు వరుసలో ఎప్పుడూ ఒక రైతు పేరు ఉంటుంది.

భూమి చరిత్రంతా సాత్-బారలో ఉంటుంది. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్ ఎలాంటివో ఇదీ అలాంటిదే. ఏడో నమూనాలో హక్కుదారు, పన్నెండో నమూనాలో పంట. బిన్‌ఖేతీ అనుమతి, అంటే సాగేతర వినియోగానికి కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు, రానంతకాలం ఆ గడిలో జొన్న పండుతూనే ఉంటుంది. దానికి పక్కా పైకప్పూ, కేబుల్ కనెక్షనూ కూడా ఉండవచ్చు.

భూమి నవీ శరత్‌ది, అంటే కౌలు సంస్కరణల్లోనో ప్రభుత్వ కేటాయింపులోనో షరతులతో వచ్చినది అయితే, షరతు తొలగించుకోవడానికి ప్రభుత్వానికి ప్రీమియం కట్టాలి. ఆ లెక్కకు ఆధారం జంత్రీ, అంటే ప్రభుత్వం నిర్ణయించే భూమి విలువల పట్టిక. జంత్రీ 2011లో సవరించాక సరిగ్గా పుష్కరం తర్వాత, 2023 ఏప్రిల్ 15 నుంచి భూములకు రెట్టింపైంది. ప్రజలకు భారం కాకూడదని అదే ప్రకటనలో సాగేతర వినియోగానికి కట్టే ప్రీమియాన్ని 40 శాతం నుంచి 30 శాతానికి తగ్గించారు. నూరు రూపాయల జంత్రీ మీద అంతకుముందు 40 రూపాయలు కట్టేవాళ్లు ఇప్పుడు రెండు నూర్ల మీద 60 కడతారు. తగ్గింపు అంటే ఇదే. పాలనాశాస్త్రం చదివేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవడం మంచిది.

ఇంత దారి నడవలేనివారి కోసం సూరత్ కనిపెట్టిన అడ్డదారి రెవెన్యూ ప్లాటు. పద్ధతి సులువు. పొలాన్ని సున్నంతో గీసి, మధ్యలో దారులు వదిలి, ముందు కమాను కట్టి, దేవుడి పేరు పెడితే సొసైటీ అవుతుంది. బిన్‌ఖేతీ ఉండదు, లేఅవుట్ మంజూరు ఉండదు. కొన్నవాడి చేతికి డైరీ ఇస్తారు. అది నెలనెలా కట్టిన కంతులు రాసుకునే చిన్న పుస్తకం. చివరి కంతు అయ్యాక నోటరీ ముద్రతో ఒక సాటాఖత్, అంటే అమ్మకం ఒప్పందం, ఒక కుల్‌ముఖ్త్యార్ పత్రం, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, కొన్నిచోట్ల సొసైటీ వాటా పత్రం కూడా వస్తాయి. అన్నిటిమీదా ఫొటోలు, వేలిముద్రలు, సాక్షి సంతకాలు ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో సాదా బైనామా చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ తెల్లకాగితం, ఇక్కడ గీతల డైరీ.

ఈ కాగితాల విలువను 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముఖ్త్యార్ పత్రం, ఒప్పందం, వీలునామా ఈ మూడూ కలిపి ఇచ్చినా యాజమాన్యం బదిలీ కాదు. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు ఒక్కటే బదిలీ చేస్తుంది. అంతకు పదేళ్ల ముందే, 2001లో, ఇంకో తలుపు మూశారు. ఒప్పందం చేసుకుని స్వాధీనంలో ఉన్నవాడికి ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్ ఇచ్చే రక్షణ కావాలంటే ఆ ఒప్పందం కూడా రిజిస్టరై ఉండాలని సవరించారు. ఈ రెండు వార్తలూ డైరీలు అచ్చేసే ప్రెస్సులకు ఇంకా చేరినట్టు లేదు.

అయినా ఇల్లు లేచిందంటే నగరపాలిక గుర్తిస్తుంది. గుర్తింపు పేరు వేరా బిల్లు. ఇంటి పన్ను వసూలు చేసే విభాగం దృష్టిలో ఆ ఇల్లు ఉంది. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు, కట్టడం సక్రమమూ కాదు. నగర రచనా విభాగం దృష్టిలో అదే ఇల్లు లేదు. లేని ఇంటికి పన్ను ఎందుకని అడిగేంత తీరిక యజమానికి ఉండదు. ఆయన బిల్లును ప్లాస్టిక్ కవరులో పెట్టి, కరెంటు బిల్లుతో కలిపి బీరువాలో దాచుకుంటాడు. ఏ అధికారి వచ్చినా ముందు అదే చూపిస్తాడు.

ఇక అసలు ఘట్టం టీపీ స్కీమ్, అంటే టౌన్ ప్లానింగ్ పథకం. 1976 నాటి గుజరాత్ టౌన్ ప్లానింగ్, నగరాభివృద్ధి చట్టం దీనికి ఆధారం. ఆలోచన మాత్రం 1915 నాటి బొంబాయి చట్టం నుంచి వస్తున్నది, నిజానికి మంచిది కూడా. రైతుల భూములను బలవంతంగా సేకరించకుండా అన్నిటినీ ఒక ముద్దగా లెక్కించి, రోడ్లు, తోటలు, బడులు తీసి, మిగిలినదాన్ని చక్కటి ఆకారంలో ఎవరిది వాళ్లకు తిరిగి ఇస్తారు. వచ్చేటప్పుడు ఒరిజినల్ ప్లాట్, పోయేటప్పుడు ఫైనల్ ప్లాట్. చట్టం చెప్పిన వాటాలు ఇవి: రోడ్లకు 15 శాతం, తోటలు, ఆటస్థలాలకు 5, బడులు, దవాఖానాలు, అగ్నిమాపక కేంద్రాల వంటివాటికి 5, ఖర్చులు రాబట్టుకోవడానికి సంస్థ అమ్ముకునేందుకు 15. మొత్తం 40. మిగిలిన 60 విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలలో సగం దాకా చందాగా వసూలు చేసే అధికారం కూడా ఉంది. స్కీమ్‌లో పోయిన భూమికి భూసేకరణ చట్టం లెక్కన పరిహారం అడగడం కుదరదని 1985లో ప్రకాశ్ అమీచంద్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది.

తెలుగువారికి దీని పెద్దన్న అమరావతి. 2015లో 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు, ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం రాశారు. ఎకరానికి 4,840 గజాలు. గుజరాత్ నూటికి 60 తిరిగి ఇస్తే అమరావతి పాతికకు కొంచెం పైన ఇచ్చింది. ఎదురుచూపు మాత్రం రెండు చోట్లా ఉదారంగానే ఇచ్చారు. గుజరాత్ చట్టంలో ముసాయిదా, ప్రాథమిక, తుది అనే మూడు దశలకూ గడువులు నెలల్లో రాసి ఉంటాయి, దస్త్రాలు ఏళ్లలో నడుస్తాయి.

గోడాదరా వంటి చోట ఈ చక్కని యంత్రంలో ఇసుక పడేది ఎక్కడంటే, రైతు తన పొలాన్ని అప్పటికే నూటికి నూరు పాళ్లు డైరీల మీద అమ్మేసి ఉంటాడు. ఇప్పుడు టౌన్ ప్లానింగ్ అధికారి వచ్చి 40 పాళ్లు ఇమ్మంటాడు. సాత్-బారలో ఇంకా రైతు పేరే ఉంది కాబట్టి నోటీసు ఆయనకే వెళ్తుంది. ఆయన అభ్యంతరం చెప్పడు, పోయేది ఆయనది కాదు. ఇళ్లలో ఉన్నవాళ్లకు నోటీసు రాదు, చట్టం దృష్టిలో వాళ్లు హక్కుదారులు కారు. పటం మీద అరవై అడుగుల రోడ్డు హాయిగా సాగి, ఎవరిదో వంటింట్లోంచి వెళ్లి, ఇంకెవరిదో పూజగది దగ్గర మలుపు తిరుగుతుంది. పిల్లల తోటకు కేటాయించిన చోట పిల్లలు నిజంగానే ఉంటారు, తల్లిదండ్రులతో సహా కాపురం. ఫైనల్ ప్లాట్ మళ్లీ రైతు పేరునే వస్తుంది. పిల్లల కథలో కోతికి తోక పోయి కత్తి వస్తుంది, చివరికి డోలు మిగులుతుంది. ఇక్కడ పొలం పోయి ప్లాటు వచ్చింది కూడా అమ్మినవాడికే. కొన్నవాడికి డోలు మిగిలింది.

ఇలాంటి ఇళ్లను ఏం చేయాలి? కూల్చాలని చట్టం. కూల్చలేమని ఎన్నికల లెక్క. రెంటికీ మధ్య ఇంపాక్ట్ ఫీ, అంటే క్రమబద్ధీకరణ రుసుము. జంత్రీ సవరణకు పుష్కరం పట్టింది గాని క్షమాభిక్షకు అంత ఆలస్యం లేదు. అనధికార కట్టడాల క్రమబద్ధీకరణకు గుజరాత్ 2001లో ఒక చట్టం చేసింది, 2011లో ఇంకొకటి, 2022లో మరొకటి. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశం, ప్రతిసారీ గడువు పొడిగింపు. పార్కింగ్ చాలకపోతే కొంత చూపించి మిగతాదానికి రుసుము కట్టే వీలిచ్చారు. అప్పటినుంచి ఆ కారు రసీదులో నిలుస్తుంది. ప్రభుత్వ భూమికీ, నీటి దారులకూ మినహాయింపు లేదు. తెలంగాణ 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే పాతిక లక్షలకు పైగా వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించి మళ్లీ వసూళ్లు మొదలుపెట్టారు. పండగ తగ్గింపు బట్టల కొట్టుకే పరిమితం కాదు.

ఈ ఉదారతకు రెండో ముఖం సూరత్‌లోని సర్థాణాలో కనిపించింది. 2019 మే 24న తక్షశిల ఆర్కేడ్ పై అంతస్తులో నడుస్తున్న శిక్షణ తరగతికి మంటలు పాకి 22 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. కొందరు కిటికీల్లోంచి దూకారు. బిల్డర్లతోపాటు నగరపాలిక ఇంజినీర్లూ, అగ్నిమాపక అధికారులూ అరెస్టయ్యారు. నిబంధనలో రాసిన మెట్ల వెడల్పు, రెండో దారి, ఖాళీ వదలాల్సిన జాగా ఎందుకున్నాయో ఆ తర్వాత కొన్నాళ్లపాటు అందరికీ అర్థమైంది. మూడేళ్లకు కొత్త ఇంపాక్ట్ ఫీ చట్టం వచ్చింది.

డెవలపర్లకు 2016 నాటి రెరా చట్టం కొత్త క్రమశిక్షణ నేర్పింది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని చిన్న ప్రాజెక్టులు తప్ప మిగతావాటికి నమోదు తప్పనిసరి. కొన్నవారి సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టుకే వాడాలి. నమోదు నంబరు లేనిదే ప్రకటన కూడా వేయకూడదు. డైరీకి ప్రకటన అక్కర్లేదు. దాని ప్రచారం టీ కొట్టు దగ్గర జరిగిపోతుంది.

వానలు మాత్రం ఏ సెక్షనూ చదవవు. మీఠీ ఖాడీ వంటి వాగులు పొంగినప్పుడల్లా లింబాయత్, పర్వత్ పాటియా వైపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. 2025 జూన్‌లోనూ ఖాడీలు పొంగి సూరత్ వీధులు మునిగాయి. వరద నీటికి ఒరిజినల్ ప్లాటు గుర్తుంటుంది, ఫైనల్ ప్లాటు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఇటీవలి ఆయుధం 2020 నాటి భూ ఆక్రమణ నిషేధ చట్టం. శిక్ష పదేళ్లకు తగ్గదు, పద్నాలుగేళ్ల దాకా ఉండవచ్చు. భూమాఫియా మీద ఎక్కుపెట్టిన ఈ చట్టం రికార్డులో పేరున్నవాడిని యజమానిగా చూస్తుంది. డైరీ పట్టుకుని ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న నేతగాడి పేరు రికార్డులో లేదు. భూమి అమ్ముకున్న రైతు మనవడి పేరు ఉంది. ధర పెరిగాక ఆ మనవడికి తాతగారి పొలం మీద ప్రేమ పుడితే ఫిర్యాదు ఎవరు ఎవరి మీద పెట్టగలరో ఊహించడం కష్టం కాదు.

గోడాదరాలో స్థలమో ఇల్లో కొనదలచినవారు కమాను మీద దేవుడి పేరు కాకుండా కాగితాలు చూడాలి. సాత్-బార, హక్కుల మార్పు నమోదులు, బిన్‌ఖేతీ ఉత్తర్వు, నవీ శరత్ అయితే ప్రీమియం రసీదు, కొత్త కట్టడమైతే రెరా నంబరు అడగాలి. అన్నిటికన్నా ముందు టీపీ స్కీమ్ ఫారం ఎఫ్ చూడాలి. ఒరిజినల్ ప్లాటు ఎంత, ఫైనల్ ప్లాటు ఎంత, ఎవరి పేరున, ఎంత చందా బాకీ అన్నది అందులో ఒకే వరుసలో ఉంటుంది. స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. కొనేది మహిళ అయితే ఆ ఒక్క శాతం మాఫీ. కాబట్టి ఇంటావిడ పేరున, రిజిస్టరు దస్తావేజుతోనే కొనండి. డైరీ ఇస్తామంటే పాలవాడి లెక్కకు పనికొస్తుందని తీసుకోండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.