కరివేపాకుకి లైసెన్స్ రాలేదు

ఫ్రెస్నో, కాలిఫోర్నియా

పెద్దక్కకి,

అడ్రస్ మారింది, కవరు వెనక రాశాను, డైరీలో పాతది కొట్టెయ్యి. అమ్మకి మాత్రం "అమెరికాలోనే వేరే ఊరు" అని చెప్పు చాలు. రాష్ట్రం మారామంటే మళ్ళీ ఎక్కడో ఏదో విడిపోయిందనుకుని టీవీ పెట్టుకుని కూర్చుంటుంది. ఆవిణ్ణి అనడానికీ లేదు. 2014 జూన్ 2న మీరంతా మంచం దిగకుండానే కొత్త రాష్ట్రంలో నిద్ర లేచారు. ఒక్క పెట్టె సర్దిన వాళ్ళు లేరు. ఇక్కడ అలా కుదరదు, అందులోనూ నర్సుకి అసలు కుదరదు.

నర్సుల కోసం ఈ దేశంలో కాంపాక్ట్ అని ఒక ఒప్పందం ఉంది. అందులో చేరిన రాష్ట్రాలు నలభై దాటాయి. వాటిలో ఒక చోట కాపురం ఉండి ఆ లైసెన్స్ తెచ్చుకుంటే మిగతా చోట్లా నిశ్చింతగా సెలైన్ పెట్టొచ్చు. ఇన్నాళ్ళూ మేమున్న టెక్సాస్ అందులో ఉంది. కాలిఫోర్నియా లేదు. మీ మరిదికి బదిలీ ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చింది. నలభై పైచిలుకు రాష్ట్రాలు వదిలేసి ఇక్కడే ఎందుకండీ అంటే "వాతావరణం బాగుంటుందట" అన్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదులే. ఎన్‌క్లెక్స్ ఒకసారి పాసైతే జీవితానికి చాలు. కాగితాలు మాత్రం పుట్టినప్పటి నుంచీ కావాలి. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివాను, అందులో క్లాసులో ఎన్ని, వార్డులో ఎన్ని, అన్నీ చదివిన చోటి నుంచే నేరుగా రావాలి. టెక్సాస్ వచ్చేటప్పుడు ఒకసారి ఇవన్నీ తెప్పించాం కదా, ఆ పుణ్యం ఆ రాష్ట్రంతోనే తీరిపోయింది. పాపం ఆ ట్రాన్‌స్క్రిప్టు కోసం ఎండలో నువ్వే తిరిగావు. "ఇరవై ఏళ్ళుగా ఆ దేశం వాళ్ళకి సూదులు పొడుస్తూనే ఉంది కదే, చదివిందో లేదో అని ఇప్పుడు అనుమానమొచ్చిందా వాళ్ళకి?" అన్నారట బావగారు. నేనూ అదే అన్నాను. ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు, అంతే.

తర్వాత వేలిముద్రలు. మన నర్సుల చేతుల సంగతి నీకు తెలుసు కదా. రోజంతా కడుక్కోవడం, మధ్యలో శానిటైజరు, మళ్ళీ కడుక్కోవడం. మెషీను మీద పదివేళ్ళూ పెడితే పది తెల్లమచ్చలు వచ్చాయి. అక్కడున్న కుర్రాడు లోషన్ రాసి, తుడిచి, ఒక్కో వేలూ పట్టుకుని ఒత్తి, చివరికి అడిగాడు: "మీరు నర్సా, తాపీ పనా?" ఈ రెండు పనుల వాళ్ళకే గీతలు ఇంతలా అరుగుతాయట. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌గా ఆ తెల్లమచ్చల్నే పంపిస్తే సరిపోయేది.

హ్యూస్టన్ నుంచి కారులోనే వచ్చాం. టెక్సాస్ దాటేసరికి మాకే ముసలితనం వచ్చేలా ఉంది. ఆ రాష్ట్రం ఆ కొసనున్న ఎల్ పాసో వాళ్ళకి హ్యూస్టన్ కన్నా కాలిఫోర్నియాలోని శాన్ డియేగోనే దగ్గరట, ఇక చూసుకో. ఆరిజోనా దాటి కాలిఫోర్నియాలో అడుగు పెట్టగానే చెక్‌పోస్టు. తుపాకుల గురించి అడుగుతారేమో అనుకున్నాను. "పళ్ళున్నాయా, మొక్కలున్నాయా?" అని అడిగారు. నా కరివేపాకు మొక్కని అందుకే ముందే మా పక్కింటి మలయాళీ సిస్టర్‌కి దత్తత ఇచ్చి వచ్చాను. ఏడేళ్ళు పెంచానక్కా, దిష్టి తీసి మరీ. కరివేపాకుదీ నిమ్మ, నారింజల కుటుంబమేనట. దాని మీద వాలే సిల్లిడ్ అనే చీమంత లేని పురుగు నారింజ తోటలకి మందులేని తెగులు అంటిస్తుందట. అందుకని బయటి మొక్కని రానివ్వరు. నా మీద ఏ కేసులూ లేవని వేలిముద్రలతో నిరూపించుకున్నాను. దానికి వేళ్ళు లేవు కదా, ఆగిపోయింది.

ఇప్పుడు వాతావరణం. కాలిఫోర్నియా అనగానే నువ్వూ నాలాగే సముద్రం, సినిమా వాళ్ళు అనుకుంటావు. సముద్రం ఇక్కడికి రెండున్నర, మూడు గంటల దూరం. సినిమా వాళ్ళు ఈ దారిలో పెట్రోలుకి కూడా ఆగరు. ఇది లోయ. చుట్టూ ద్రాక్ష, బాదం తోటలు. ఎండు ద్రాక్ష ఇక్కడి నుంచే దేశమంతా పోతుంది. వేసవిలో ఆ ద్రాక్ష మధ్య మమ్మల్ని కూడా ఆరబెడతారు. రెంటచింతలకి వీసా ఇచ్చి ఇక్కడికి తెచ్చినట్టుంది. చలికాలంలో టూలీ ఫాగ్ అని నేల మీద పొగమంచు కూర్చుంటుందట, ముందున్న కారు కనపడదట. ఈ రెండిటినీ కలిపి సగటు తీస్తే మీ మరిది చెప్పిన వాతావరణం వస్తుంది.

ఇక ఆస్పత్రి. మొదటి కొన్ని వారాలూ ఓరియెంటేషన్. నాకు నేర్పడానికి ఒక పిల్లని పెట్టారు. మా అమ్మాయి ఈడుది, బంగారంలాంటి పిల్ల. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించింది. కడుక్కున్నాను. రబ్బరు చెయ్యిచ్చి ఐవీ పెట్టమంది. రబ్బరు చేతికి పెట్టడమే కష్టమక్కా, నొప్పనదు, నరం పక్కకి జరగదు, నేనేమని బుజ్జగించను? అన్నిటికీ టిక్కులు పెట్టి "గుడ్ జాబ్!" అంది. నర్సింగ్ స్కూల్లో మన ట్యూటరమ్మ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అది.

నిజం చెప్పాలంటే రోగం, ఒళ్ళు, నొప్పి అన్నీ అక్కడివే. తెలియనిది దుప్పట్లెక్కడుంటాయో, ప్లాస్టరెక్కడుంటుందో, బెడ్‌పాన్ గది తలుపు కోడేమిటో. ఇరవై ఏళ్ళ అనుభవంతో ఒక రాత్రంతా దిండుగలీబు వెతికాను. కంప్యూటరు అదే కంపెనీదయినా పాత చోట ఎడమ పక్కనున్న మీట ఇక్కడ కుడి పక్కకి కాపురం మార్చింది.

నువ్వు నమ్మని సంగతి ఇప్పుడు రాస్తున్నాను, ఇది వార్డులో ఎవరికీ చదివి వినిపించకు, గొడవలవుతాయి. ఇక్కడ ఒక నర్సుకి ఎంతమంది రోగులో చట్టంలోనే ఉంది. 1999లో చేశారు, 2004 నుంచి అమల్లో ఉంది. ఐసీయూలో ఇద్దరు, మామూలు వార్డులో ఐదుగురు, నేనుండే టెలిమెట్రీలో నలుగురు. దాటడానికి లేదు. మొదటి రోజు నలుగుర్ని అప్పజెబితే "మిగతా వాళ్ళేరీ?" అని నిలబడ్డాను. మీ దగ్గర నలభై మంచాలూ, వాటి కింద పడుకున్నవాళ్ళూ గుర్తొచ్చి కాసేపు సిగ్గేసింది కూడా. టెక్సాస్‌లో ఇలాంటి లెక్క చట్టంలో లేదు. జీతంలో రాష్ట్రానికి ఆదాయపన్ను కూడా లేదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. పన్ను కట్టి ఆ నలుగుర్ని కొనుక్కుంటున్నాననుకుంటాను, బేరం నాకు నచ్చింది.

ఇంకొకటి, అన్నం. తినడానికి అరగంట ఇస్తారు, ఆ అరగంటా నా నలుగుర్ని చూడటానికి వేరే నర్సు వస్తుంది. పులిహోర మూడు నిమిషాల్లో అయిపోయింది. నిలబడి మింగడం అలవాటు కదా మనకి. మిగతా ఇరవై ఏడు నిమిషాలూ ఏం చెయ్యాలో తెలియక గోడ మీది భూకంపం సూచనలు చదివాను. ఇప్పుడు ఫిలిపినో సిస్టర్లు నన్ను చేరదీశారు. వాళ్ళ పాన్సిత్ నూడుల్స్ నాకు, నా గోంగూర వాళ్ళకి. రోగుల్లో స్పానిష్ మాట్లాడే వాళ్ళు, పంజాబీలు, మోంగ్ వాళ్ళు. దుబాసీ ఫోనులో ఉంటాడు గానీ, పంజాబీ బామ్మగారు మాత్రం నా హిందీ విని, నవ్వు ఆపుకోలేక, బీపీ మందు మింగేస్తుంది.

మీ చిన్నది బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఇటే వస్తానంటోందని రాశావు. రానీ. ఏ రాష్ట్రమో తర్వాత ఆలోచించవచ్చు. ముందు కాలేజీ నుంచి బయటపడేలోగా సిలబస్సూ, గంటల లెక్కా, మార్కుల షీట్లూ స్టాంపు వేయించి మూడు సెట్లు తీసిపెట్టుకోమను. ఒకటి తన దగ్గర, ఒకటి నీ దగ్గర, మూడోది నాకు పంపు. బావగారికి మాత్రం ఇవ్వొద్దు. ఆయన భద్రంగా దాస్తారు.

నీ చెల్లెలు