తీరిక లేని రోజే రాయండి

సాఫ్ట్‌వేర్ కొలువు చేసుకుంటూ సొంతంగా నాలుగు ముక్కలు రాసుకోవాలనుకునే వాళ్లకు దొరికే సలహాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. తెల్లారగట్ల లేచి గంటసేపు కూర్చో. ఒకే విషయం పట్టుకో. రాసింది పదిసార్లు దిద్దు. ఇంట్లోవాళ్లకు చూపించకు, తాళం వేసి దాచుకో. ఈ మాటలు నమ్మి ఉగాదికి ఫైలు తెరిచినవాళ్లు బోనాల నాటికి దాన్ని మూసేయడం చూస్తూనే ఉన్నాం. అందుకని వీటికి పూర్తిగా అడ్డం తిరిగిన సలహాలు చెప్తున్నాను. తెలిసినవాళ్లు వింటే తప్పంటారు. నాకైతే కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు నిలబడే దారి ఇదేనని గట్టి నమ్మకం.

తీరిక దొరికిన రోజు రాయకండి. ఆదివారం పొద్దున ఇల్లంతా నిమ్మళంగా ఉంది కదా అని లాప్‌టాప్ ముందు కూర్చుంటే మనిషికి పెద్ద పెద్ద విషయాలు గుర్తొస్తాయి. జీవితం గురించి, కాలం గురించి, యంత్రాలు మనిషిని ఏం చేస్తున్నాయనే దాని గురించి రాస్తాడు. అవి ఎవరైనా, ఎక్కడి నుంచైనా రాయగలిగినవి. ఆ పూట పిల్లలను తీసుకొని మానేరు డ్యామ్ కట్ట మీదికి పోండి. పని మీద పని పడి అన్నానికి కూడా లేవలేకపోయిన రోజున రాయండి. రిలీజ్ ఉన్న రోజు, రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి ఫోన్ మోగిన రోజు, ఇంటికి చుట్టాలు దిగిన రోజు. అలాంటి రోజు నాలుగు వాక్యాలకు మించి కుదరదు. అలంకారాలకు టైం ఉండదు కాబట్టి ఆ నాలుగూ జరిగింది జరిగినట్టు వస్తాయి.

ఆదిలాబాద్ పిల్లవాడొకడు హైదరాబాద్‌లో పని చేస్తున్నాడనుకోండి. నవంబర్ నెల. ఇక్కడ బిల్డ్ ఆగిపోయింది, మేనేజర్ కాల్‌లో ఉన్నాడు. అక్కడ నాయిన పత్తి బండితో మార్కెట్ యార్డులో లైన్ కట్టి ఫోన్ చేశాడు. మీటరు పెట్టి చూస్తే తేమ 11 వచ్చింది. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర. ఆపైన శాతానికింత చొప్పున కోత. 12 దాటితే తీసుకోరు. ఆ రాత్రి ఈ పిల్లవాడు, "బిల్డ్ పాస్ కాలేదు. పత్తి తేమ 11. ఇచ్చేద్దామా, ఇంటికి తెచ్చి ఆరబెడదామా అని నాయిన అడిగిండు. ఆరబెట్టు అన్న. మబ్బు పట్టి ఉన్నదట" అని రాసుకొని పడుకుంటే చాలు. అందులో ఆ ఏటి వానలున్నాయి, ఇంటి లెక్కలున్నాయి, ఫోన్‌లో కొడుకు సలహా కోసం ఆగిన తండ్రి ఉన్నాడు. బిల్డ్ ఎందుకు ఆగిందో వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆ మబ్బు మాత్రం పదేళ్ల తర్వాత కూడా ఆ వాక్యంలో కనబడుతుంది. ఇదే సంగతి తీరిగ్గా ఆదివారం రాస్తే రైతు సమస్యల మీద వ్యాసం అయ్యేది.

పదవి పెరిగితే రాత తగ్గించుకోవాలంటారు. పెంచండి అంటాను. దీనికి నా దగ్గర పెద్ద సాక్ష్యమే ఉంది. పి.వి. నరసింహారావు ఊరు వంగర ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది గానీ, ఆయన కాలమంతా అది కరీంనగర్ జిల్లాయే. 1962 నుంచి ఆయన రాష్ట్ర మంత్రి. ఫైళ్లు, అసెంబ్లీ, నియోజకవర్గం, వచ్చేపోయే జనం. ఆ రోజుల్లోనే విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు"ను హిందీలోకి తెచ్చారు. అది ఒక పూటలో అయ్యే పని కాదు. ఆ నవల చేత్తో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. "సహస్రఫణ్" పేరుతో భారతీయ జ్ఞానపీఠ్ దాన్ని 1968లో అచ్చువేసింది. మంత్రి పదవి దిగాక చూద్దాంలే అనుకొని ఉంటే ఆ పుస్తకం లేదు, ఎందుకంటే 1971లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, ఆ తర్వాత ఢిల్లీ పిలిచింది.

పీవీని సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉదాహరణగా చెప్పడానికి ఇంకో కారణముంది. ఆయన ప్రోగ్రాములు రాశారు. 1980ల నడుమ, అరవై దాటాక, కేంద్ర మంత్రిగా ఉంటూనే కంప్యూటర్ తెప్పించుకొని టైపింగ్ దగ్గర మొదలుపెట్టారు. కోబాల్, బేసిక్ నేర్చుకొని యూనిక్స్ దాకా పోయారు. మన పల్లెల నుంచి ఇంజనీరింగ్ చదివి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్లలు "నాకు వయసు దాటిపోయింది, ఇప్పుడు రాయడమేంటి" అన్నప్పుడల్లా నాకు ఆ మంత్రిగారి బల్ల మీది కీబోర్డు మనసులో మెదులుతుంది. ప్రధానిగా ఐదేళ్లు చేసి దిగిన రెండేళ్లకు, 1998లో "ది ఇన్‌సైడర్" నవల వచ్చింది. అందులో తన బతుకును కథగా మార్చుకున్నారు. రాజకీయం, అనువాదం, కోడ్, నవల అన్నీ ఒకే మనిషి బల్ల మీద కలగలిసి ఉన్నాయి.

అక్కడి నుంచే నా తర్వాతి మాట. ఒకే విషయం మీద రాయకండి. డేటాబేస్ తెలిసినవాడు డేటాబేసుల గురించే రాయాలనే నియమం రాతను రెండో ఉద్యోగం చేస్తుంది. ఒక ఉద్యోగం చాలు. ఇండెక్స్ వేసి క్వెరీని ఎలా తేలిక చేశారో రాసిన పేజీలోనే, సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు పిండి ఎందుకు విరిగిందో రాయండి. సామల సదాశివను చూడండి. 1928లో ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టి, బడిపంతులుగా మొదలై, ఆదిలాబాద్‌లోనే ఉండిపోయిన మనిషి. హిందుస్తానీ సంగీతం, ఉర్దూ కవులు, ఫారసీ, మరాఠీ, తాను కలిసిన మనుషులు, అన్నీ ఒకే గొంతుతో ముచ్చట పెట్టినట్టు రాశారు. సంగీతం మీద రాసిన "స్వరలయలు"కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. "యాది" తెరిచి చూస్తే తెలుస్తుంది, ఒక జ్ఞాపకం ఇంకో జ్ఞాపకాన్ని చెయ్యి పట్టుకొని ఎలా తీసుకొస్తుందో. సంగీతం ఒక పెట్టెలో, మనుషులు ఒక పెట్టెలో వేసుకుంటూ రాసే మనిషికి ఆ గొంతు రాదు.

భాష దగ్గర కూడా అడ్డంగానే పోండి. పత్రికల భాషలోకి మార్చుకొని రాయకండి. ఇంట్లో "ఎటు పోయినవ్" అంటే అట్లనే రాయండి. డిప్లాయ్, రోల్‌బ్యాక్, టికెట్ అని ఆఫీసులో అంటే అవీ తెలుగు లిపిలో అట్లనే పెట్టండి. తెలుగులో టైపు చేయడం కష్టం అనే సాకు చెల్లే రోజులు పోయాయి. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే "పద్మ"ను వెన్న నాగార్జున చేశారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే "లేఖిని"ని వీవెన్ 2006లో పెట్టారు. ఇవి చేసినవాళ్లు మనలాగే కోడ్ రాసుకునేవాళ్లు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో సొంత రాతను పెట్టకండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులే మిగులుతాయి.

ప్రోగ్రామర్లకే పనికొచ్చే చిన్న సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట్‌కీ వేకీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని అక్షరం ఒకటుంటుంది. అది లేకపోతే వకారం ఒత్తుగా మారి కిందికి పోయి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఒకనాడు అది పెట్టి, ఇంకోనాడు పెట్టకుండా రాస్తే, మీ ఫైళ్లలో మీరు వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. వెతికే ముందు రెండు వైపులా ఆ అక్షరాన్ని తీసేసి పోల్చేలా పది లైన్ల స్క్రిప్టు రాసి పెట్టుకోండి. ఉత్త టెక్స్ట్ ఫైలు, యూటీఎఫ్-8, పేరులో తేదీ. ఇంతకంటే సరంజామా వద్దు. వారాంతమంతా డైరీ కోసం యాప్ కట్టుకునే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. యాప్ పూర్తవుతుంది, డైరీలో మూడు పేజీలుంటాయి.

రాసింది దిద్దకండి. ఇది అందరికంటే ప్రోగ్రామర్లకు మింగుడుపడని మాట, ఎందుకంటే మన పనంతా దిద్దుబాటే. కానీ సర్వర్ లాగ్‌ను ఎవరూ వెనక్కి పోయి మార్చరు కదా. తప్పు తెలిస్తే కింద కొత్త లైను పడుతుంది, పాతది అట్లనే ఉంటుంది. మీ రాతనూ అట్లనే చూసుకోండి. నిరుడు ఒక మనిషి గురించి పొరపడి రాశారనుకోండి. ఆ వాక్యాన్ని చెరిపేస్తే మీరు అప్పుడు ఏమనుకున్నారో చెప్పే ఆధారం పోతుంది. కింద ఈనాటి తేదీ వేసి, ఇప్పుడేమనుకుంటున్నారో రాయండి. చోటు కోసం బెంగ వద్దు. తెలుగులో ఒక్కో కోడ్ పాయింటుకు 3 బైట్లు. రోజుకు 1,500 వేసుకున్నా ఏడాదికి 1.65 మెగాబైట్లు దాటదు. ముప్పై ఏళ్ల బతుకు 50 మెగాబైట్లలో పడుతుంది. పెళ్లి బరాత్‌లో ఫోన్‌తో తీసే ఒక్క వీడియో అంతకంటే ఎక్కువ మింగుతుంది.

తేదీతో పాటు ఊరు రాయండి. ఊరంటే ఊరి పేరు, మండలం. "మా జిల్లా" అని వదిలేయకండి. 2016 అక్టోబర్ 11న ఒక్క ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడిపోయాయి. ఆ రోజుకు ముందు "జిల్లా ఆఫీసుకు పోయిన" అని రాసుకున్నవాళ్లకు ఆ మాట ఎక్కడికి దారి చూపుతుందో ఇప్పుడు తెలియదు.

ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. రాసేవాళ్లకు చెప్పే సలహాల్లో "సొంతవాళ్లకు చూపకు" అనేది నాకు అసలు నచ్చనిది. మీరు రాసింది రాత్రి అన్నాలప్పుడు అమ్మకు చదవండి. ఆమె ఒకచోట ఆపి, "గాయన ఎవరు బిడ్డా? ఏ ఊరాయన?" అంటుంది. ఆ ప్రశ్న ఏ సంపాదకుడూ అడగడు. అక్కడే మీరు మనిషిని వదిలేసి సంగతి మాత్రమే చెప్పారన్నమాట. ఇంకోచోట, "గప్పుడు వాన పడలే, మంచు పడ్డది" అంటుంది. ఆమె చెప్పిందీ కింద చేర్చుకోండి, ఆమె మాటల్లోనే. మీ పని గురించి ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే, ఆ పని మీకే ఎంత అర్థమైందో కూడా అక్కడ తేలిపోతుంది.

మామూలు సంగతులు రాయడానికి సిగ్గుపడకండి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాషలో, గోండులు తమ సొంత లిపిలో రాసుకున్న చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. అప్పటికి ఆ లిపి చదవగల పెద్దలు కొద్దిమందే మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పెద్దల దగ్గర కూర్చొని చదివించుకున్నారు. వాటిలో రాజుల ముచ్చట్లతో పాటు నెలల పేర్లు, వారాల పేర్లు, పండుగలు, అంకెలు ఉన్నాయి. మన ఇళ్లలో ఎవరికీ రాయాలని తోచని సంగతులు! ఆ రాత వల్లే లిపి మిగిలింది. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండికి సొంత చోటు దొరికింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ ప్రోగ్రామరైనా ఆ అక్షరాలను తన కోడ్‌లో వాడుకోవచ్చు. ఒక ఊరివాళ్లు వారాల పేర్లు రాసుకొని దాచుకోవడం ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఈ పూట మీ ఇంట్లో ఏం వండారో, పాలు లీటరు ఎంతో, కరీంనగర్ ఐటీ టవర్ నుంచి ఇంటికి రావడానికి ఎంతసేపు పట్టిందో రాయకుండా ఉండటానికి ఇంక ఏ కారణమూ నాకు కనబడదు.

ఇక తాళం. సెక్యూరిటీ చూసే మిత్రులు నన్ను తిట్టినా సరే, సొంత రాతకు పాస్‌వర్డ్ పెట్టకండి, ఎన్‌క్రిప్ట్ చేయకండి. మీకేమైనా అయితే ఆ ఫైలు మీతోనే పోతుంది. గుంజాల ప్రతులకు కూడా చదివేవాళ్లు లేని గతి దాదాపుగా పట్టింది. అందుకని తాళం వేయాల్సినవి ముందే వేరు చేసుకోండి. కంపెనీ కోడ్, క్లయింట్ పేరు, జీతం, బ్యాంకు వివరాలు ఈ ఫైల్లోకి రానే కూడదు. ఇంకొకరి పరువుకు సంబంధించిన ముచ్చట ఉంటే పేరు లేకుండా రాయండి. మిగిలింది గిట్‌లో పెట్టి, ఇంకో ప్రతి పెన్‌డ్రైవ్‌లో వేయండి. ఏడాదికోసారి, దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించండి. దాన్ని పట్టా పాసుబుక్కులు ఉండే పెట్టెలోనే పెట్టి, అది అక్కడ ఉందని చెల్లెకో తమ్మునికో చెప్పండి. ప్రింటు తీసేటప్పుడు అక్షరాలు పద్నాలుగు పాయింట్లకు తగ్గకుండా చూడండి, నాయిన అద్దాలు లేకుండా చదవాలి.