అమ్మ రివ్యూ రాయకూడదు

ఫ్రిస్కో, టెక్సాస్

నాన్నగారికి,

మీ ప్రశ్నలకు వరసగా జవాబులు: బాబుకి దగ్గు తగ్గింది. మీ కోడలు ఉద్యోగం మానలేదు, మానదు. టీవీలో చూపించే తుపాకులన్నీ మా వీధిలోనే పేలవు. గ్రీన్ కార్డు చేతికొచ్చాకే వ్యాపారం పెట్టాను కాబట్టి వీసా బెంగ వద్దు. ఇక సుబ్బారావు బాబాయి చేత అడిగించిన అసలు ప్రశ్న: "కార్లు కడగడానికి వెబ్‌సైటు దేనికిరా? ఆ డబ్బుతో ఇంకో మిషను కొనుక్కోవచ్చుగా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ముందుగా, నాకు కొట్టు లేదు. నీళ్ల ట్యాంకు, జనరేటరు, వాక్యూమ్, పాలిషింగ్ మిషను అన్నీ వ్యానులోనే ఉంటాయి. కారున్నవాళ్ల ఇంటి ముందే పని. ఆటోనగర్‌లో మనం చేయించే వాటర్ సర్వీసింగ్ ఇందులో మొదటి అంకం మాత్రమే. ఆ తర్వాత క్లే బార్‌తో పెయింటుకు అంటుకున్న మురికి లాగడం, సన్నటి గీతలు పోయేలా పాలిష్ పట్టడం, అడిగితే సిరామిక్ కోటింగు. ఈ మొత్తం పని పేరు డీటెయిలింగ్. అంటే ముక్కూ మొహం తెలియని ఒకణ్ణి ఇంటి దాకా రానిచ్చి, పెళ్లాం పిల్లలున్న గుమ్మం ముందు వేల డాలర్ల కారు తాళాలు చేతిలో పెట్టాలి. మనవైపు కొత్త మెకానిక్కి మొదటి బేరం ఎవరో ఒకరి మాట మీద వస్తుంది: "మావాడే, చెయ్యి మంచిది." పక్కింటాయన పేరు కూడా తెలియని ఈ ఊళ్లో ఆ మాట చెప్పేదెవరు? నా వాదనంతా ఇదే. ఆ మాట చెప్పడానికే వెబ్‌సైటు, రివ్యూలు, షోకుకి కాదు.

సాక్ష్యం కావాలంటారు కదా. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా అనే ఆయన సియాటిల్ హోటళ్ల ఆదాయాన్నీ, యెల్ప్ సైటులో వాటికి జనం ఇచ్చిన రేటింగులనీ పక్కపక్కన పెట్టి చూసి 2011లో ఒక పరిశోధనా పత్రం రాశాడు. ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరిగింది. అసలు సంగతి దాని తర్వాత ఉంది: ఆ లాభం సొంతంగా నడుపుకునే హోటళ్లకే వచ్చింది, ఊరూరా బ్రాంచీలున్న పెద్ద కంపెనీలకు రాలేదు. వాళ్ల పేరు అందరికీ ముందే తెలుసు మరి. ఇడ్లీల లెక్క కార్లకెలా పనికొస్తుందని మీరు అడగొచ్చు. ఇడ్లీ బాగాలేకపోతే ఒక పూట పోతుంది, పెయింటు పాడైతే ఎంత పోతుందో చూసుకోండి. పోయేది ఎక్కువైన చోట పదిమందీ ఏమన్నారో ఇంకా గట్టిగా చూస్తారు.

ఇప్పుడు ఆ పదిమంది మాట దొరికే చోటు. ఇక్కడెవరైనా ఫోనులో "కార్ డీటెయిలింగ్" అని కొడితే గూగుల్ మ్యాపు, దాని కింద సాధారణంగా మూడు పేర్లు వస్తాయి. ఆ మూడూ ఎవరివనేది మూడు లెక్కల మీద తేలుతుందని గూగులే చెబుతుంది: అడిగినదానికీ మన పనికీ ఎంత పొత్తు, అడిగినవాడికీ మనకీ ఎంత దూరం, మన పేరు ఎంతమందికి తెలుసు. ఈ వరసలో పైకెక్కడానికి డబ్బు తీసుకోబోమని కూడా అంటుంది. ప్రకటనలు వేరే, వాటికి నొక్కినప్పుడల్లా డబ్బు. కొట్టు లేనివాళ్లు ఇంటి అడ్రసు కనబడకుండా దాచి, తిరిగే ఊళ్లు 20 దాకా రాసుకోవచ్చు, అదీ సుమారు రెండు గంటల ప్రయాణం దాటకుండా. పేరు బోర్డు మీద ఎలా ఉంటే అలాగే ఉండాలి. పూర్వం ఎల్లో పేజెస్‌లో ముందు కనబడాలని మూడు "ఏ"లు తగిలించి పేర్లు పెట్టుకునేవారు. ఇప్పుడు "ఫ్రిస్కోలో బెస్ట్ డీటెయిలింగ్" అని పేరుకి తోక తగిలిస్తే నిబంధన ఒప్పుకోదు. చేసేది డీటెయిలింగా, వట్టి కార్ వాషా అన్నది కూడా విడిగా చెప్పాలి. బాబాయి ఇన్‌కమ్ టాక్స్ ఫారం నింపేటప్పుడు పెట్టే మొహం పెట్టుకుని కూర్చుంటే గానీ ఇది పూర్తవదు.

ఇక మీ సలహా: చుట్టాలందరి చేతా ఐదేసి నక్షత్రాలు వేయిస్తానన్నారు. దయచేసి వద్దు. ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ రివ్యూల మీద తెచ్చిన నిబంధన 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లో ఉంది. తెలిసి మీరితే ఒక్కో ఉల్లంఘనకు 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడొచ్చు. బంధుత్వం దాచి రివ్యూ రాయించకూడని దగ్గరి బంధువులంటే ఎవరో కూడా అందులో రాశారు: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. అమ్మ మొదటి వరసలోనే ఉంది. పద్మత్తయ్య ఆ జాబితాలో లేదు గానీ, నా చేత కారు కడిగించుకోకుండానే కడిగించుకున్నానని రాస్తే అది ఇంకో తప్పు. "నేను కన్నతల్లిని" అని ముందే ఒప్పుకుని రాసినా, సొంత అనుభవం లేని రివ్యూ గూగుల్ నిబంధనకు నిలవదు. కొడుకు మంచివాడని చెప్పే హక్కు తల్లికి లేని దేశమా అని అమ్మ అడుగుతుంది. ఉంది, గుళ్లో చెప్పుకోవచ్చు.

గుడి అంటే గుర్తొచ్చింది. ఇక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర ఇంతమంది మనవాళ్లుండగా ఇదంతా ఎందుకని మీ రెండో అభ్యంతరం. మొదటి బేరాలకు మనవాళ్లు చాలు. కానీ మనవాళ్లు కూడా నమస్కారం పెట్టి, నంబరు తీసుకుని, పక్కకెళ్లి రివ్యూలు చూస్తారు. చూశాక డిస్కౌంటు అడుగుతారు.

అలా చూసేవాళ్లకు నమ్మకం కుదరాలనే సైటులో జరీ పని వద్దన్నాను. పాటలు, ఎగిరే బొమ్మలు లేవు. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఎండలో నిలబడి ఫోను చూసేవాడు అంతసేపైనా ఆగడు. చిన్న కారుకింత, పెద్ద బండికింత అని ధర బాహాటంగా రాశాను. పోటీవాడు చూస్తాడంటారా? చూడనివ్వండి, వాడు మామూలు ఫోను చేసి అడిగినా తెలిసేదే; కొనేవాడు మాత్రం ధర కనబడకపోతే అడగడానికి మొహమాటపడి ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఫోటోలు నేను చేసిన కార్లవే, అరువు తెచ్చినవి కావు. సిరామిక్ కోటింగు వల్ల నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా వదులుతుంది గానీ రాయి తగిలితే, వడగళ్లు పడితే అది ఆపదని కూడా రాశాను. చేతికందిన బేరం చెడగొట్టుకోవడం కాదా అని బాబాయి అంటాడు. టెక్సాస్‌లో వడగళ్లు పడక మానవు నాన్నగారూ. పడ్డ మర్నాడు తిట్టే రివ్యూ కన్నా ముందురోజు పోయే బేరం చవక.

మీరు అడగని మాట ఒకటుంది, అది నాకు తెలుసు. ఇంజనీరింగ్ చదివించింది బకెట్టు పట్టుకోవడానికా అని. మన అపార్టుమెంటులో తెల్లారకముందే కార్లన్నీ తుడిచే అబ్బాయి పేరు మన ఇంట్లో ఎవరికైనా తెలుసా? ఎన్నేళ్లుగా తుడుస్తున్నాడో, ఏ ఊరివాడో? ఇక్కడ సైటు మొదటి పేజీలోనే కారు ముట్టుకునేవాడి పేరు, ఫోటో ఉండాలి. అవి లేకపోతే నమ్మరు. మంచితనంతో కాదు, భయంతోనే అనుకోండి. అయినా పని చేసే మనిషికి పేరుంది. మీకు నామోషీగా ఉంటే అడిగినవాళ్లకి "ఆటోమొబైల్ రంగం" అని చెప్పండి, అబద్ధం కాదు.

రేపు గూగుల్ రూలు మార్చేస్తే? మారుస్తుంది, తరచూ మారుస్తూనే ఉంటుంది. అందుకని పని చేయించుకున్న ప్రతివాళ్ల నంబరూ వాళ్ల అనుమతితో విడిగా రాసిపెట్టుకుంటున్నాను. ఆర్నెల్లకోసారి పలకరిస్తే చాలు, రెండోసారి పిలిచేవాడు మ్యాపు చూడడు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నారో లేదో ఆదివారం అమ్మనడుగుతాను, మిమ్మల్ని కాదు.

మీ
రవి