పద్దుకెక్కని పేరు

నేను పుస్తకాన్ని. 1393 ప్రాంతంలో పారిస్‌లో వయసు మళ్లిన ఒక సంపన్న గృహస్థు, పదిహేనేళ్ల తన భార్య కోసం నన్ను రాశాడు. వాళ్లు రాచకుటుంబీకులు కారు, పల్లె రైతులూ కారు. వర్తకంతో, కొలువులతో పైకొచ్చిన పట్టణవర్గం వారు. 1846లో జెరోమ్ పిషాన్ అచ్చు వేయించాక ‘లె మెనజియే ద పారి’గా లోకానికి తెలిశాను. నాలో దాదాపు 380 వంటకాలున్నాయి కనుక వంటల పుస్తకమన్నారు కొందరు. మగని మాట జవదాటవద్దంటాను కనుక ఆడదాన్ని అణచే పుస్తకమన్నారు ఇంకొందరు. రెండూ నిజమే. కానీ ఆ రెంటికన్నా బలమైన సాక్ష్యం ఒకటి నా పుటల్లో ఉంది. ఆనాటి కలవారి ఇల్లాలు నగలు పెట్టుకుని కూర్చున్న బొమ్మ కాదు. పదిమందిని పెట్టుకుని పెద్ద వ్యవహారం నడిపిన మనిషి.

పనిమనిషిని పెట్టుకునే తీరే చూడండి. ఇదివరకు ఎక్కడ చేసింది, ఎందుకు మానేసింది, తాగుతుందా, నోటిదురుసుదా అని పాత యజమానుల దగ్గర ఆరా తీయాలి. చేరిన రోజునే ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు ఇంటి లెక్కలు చూసే జెహాన్ చేత పద్దులో రాయించాలి. కూలీలతో పని మొదలుకాకముందే కూలి కుదుర్చుకోవాలి. రాత్రి పొయ్యిలో నిప్పు కప్పారో లేదో చూడాలి. పనివాళ్లు కొవ్వొత్తిని వెడల్పాటి అడుగున్న దీపపు సెమ్మెలో, మంచానికి దూరంగా పెట్టుకోవాలి; నోటితోనో చేత్తోనో ఆర్పాలి తప్ప, విప్పిన చొక్కా విసిరి ఆర్పకూడదు. పనివాళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఇల్లాలే చూసుకోవాలి. నగరంలోని పోర్త్ ద పారి దగ్గర 19 మంది కసాయిలు వారానికి 1900 గొర్రెలు అమ్ముతారన్న లెక్క కూడా నాలో ఉంది. అంగడితో సంబంధం లేని మనిషికి ఆ లెక్కతో పనేమిటి?

పెత్తనం ఆయనది, చాకిరీ ఆమెది, ఇందులో గొప్పేముందని అడగవచ్చు. పెత్తనం ఆయనదేనన్న మాట నేను కాదనను. ప్రభువైన భర్త పెట్టిన ప్రతి బాధనూ నోరెత్తకుండా భరించిన గొర్రెలకాపరి పిల్ల గ్రిసెల్డా కథ నాలోనూ ఉంది. అయితే అది చెప్పిన వెంటనే నన్ను రాసినాయన, నీ దగ్గర అంతటి విధేయత కోరను, నేను ప్రభువునీ కాను, నువ్వు గొర్రెలకాపరి పిల్లవీ కావు అని రాశాడు. తన తర్వాత ఆమె మరొకరిని పెళ్లాడుతుందనీ, ఈ నేర్పు అక్కడా పనికొస్తుందనీ ఊహించాడు. అంటే ఆ నేర్పు ఆమె సొత్తేనని ఆయనే ఒప్పుకున్నాడు.

భర్త కోరినంత మాత్రాన భార్య చేసినట్టా అన్నది మరో ప్రశ్న, న్యాయమైనదే. ఒక్క ఇంటి సంగతికి నా మాట చాలదు. కానీ నాకు నూరేళ్లకు పైగా ముందే, 1268 ప్రాంతంలో, నగరాధికారి ఎతియెన్ బువాలో పారిస్ వృత్తుల కట్టుబాట్లు రాయించాడు. అందులో పట్టు వడికే ఆడవాళ్లకు సొంత వృత్తిసంఘాలున్నాయి. ఏడేళ్లకు తక్కువ కాకుండా శిష్యురాళ్లకు పని నేర్పాలన్న నియమం ఉంది. పని నేర్పడం, పనివాళ్లను అదుపులో పెట్టడం ఆ నగరపు ఆడవాళ్లకు కొత్త కాదు.

చేరిన ప్రతి పనిపిల్ల పేరూ ఊరూ రాయించమన్న నాలో, ఆ రాయించాల్సిన ఇల్లాలి పేరు మాత్రం లేదు. ఆమె ఎవరో నేను చెప్పలేను. ఆమె మీద ఎంత బరువు మోపారో మాత్రం నా ప్రతి పుటా చెబుతుంది.