చెరువుకట్ట మీది ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం:
"సారూ, పొద్దుపొద్దుగాల గీ పిట్టలను సూసి ఏం జేస్తవ్? ఎవలన్న పైసలిస్తరా?"

అవతారిక: శ్రీరాంపూర్ సింగరేణి కాలనీ నుంచి నడకకు బయల్దేరి, చెరువుకట్ట మీద బైనాక్యులర్స్ ఎత్తినవాడికి తప్పని వాక్యమిది. అడిగేవాడు నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతున్న గని కార్మికుడు. బండి ఆపి, స్టాండు వేసి మరీ అడుగుతాడు. ఇందులో రసం హాస్యమని కొందరు, కరుణమని కొందరు. కరుణపాలే ఎక్కువని మా మతం.

ప్రతిపదార్థం: సారూ = మెడలో బరువు వేలాడేసుకున్న ఓ పెద్దమనిషీ; పొద్దుపొద్దుగాల = లోకం చాయ్ తాగే వేళ; గీ పిట్టలను = మా తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న వీటిని; సూసి = చూసి, నోటుబుక్కులో రాసుకొని, నమ్మకం చాలక మళ్లీ చూసి; ఏం జేస్తవ్ = వండుకోవు, పెంచుకోవు, అమ్మవు గదా; ఎవలన్న = సర్కారు గానీ సింగరేణి గానీ; పైసలిస్తరా = ఇన్సెంటివ్ ఏమైనా ఉందా?

టీక: 'పిట్టలను' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు గానీ లోపల చాలా సరుకుంది. ఇక్కడ మునిగి అక్కడ తేలే బుడబుంగ. రెక్కలు చాచి ఎండకు నిలబడే నీటికాకి. దాని ఈకలు నీళ్లకు తడుస్తాయి, మునగడానికి అదే సాయం, అందుకే పైకొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. కటిక నేల మీదే గుడ్లు పెట్టి, మనిషి అలికిడైతే కట్టంతా ఏకం చేసే తీతువు. ఆకుల మీద నడిచే నెమలితోక జకానాది వేరే సంసారం. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పొదగడం, పిల్లలను సాకడం మగదాని డ్యూటీ. ఇది విని మన ప్రశ్నకర్త చేసిన వ్యాఖ్య: "మా ఇంట్ల జెప్పకు సారూ."

శంక: చూడటానికి నిజంగా ఎవరైనా పైసలిచ్చారా?

సమాధానం: ఇచ్చారు. 1931లో సాలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతటా పక్షుల సర్వే మొదలుపెట్టినప్పుడు నిజాం సర్కారు ఖర్చులు భరించింది. అవి దారిబత్తేలే, జీతం కాదు. పిట్టను కనిపెట్టుకుని ఉండటం నిజంగా డ్యూటీలో భాగమైంది గని కార్మికులకే. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీలను పంజరంలో పెట్టి లోపలికి తీసుకుపోయేవారు. కార్బన్ మోనాక్సైడ్‌కు మనిషికంటే ముందు పిట్ట సొమ్మసిల్లేది. అది చూసి జనం పైకి పరుగెత్తేవారు. కాబట్టి ఈ ప్రశ్న నన్నడగడం కన్నా తన వృత్తిలోని పెద్దలనే అడగడం న్యాయం.

మరో శంక: అడిగినవాడు పిట్టలు చూడనివాడేనా?

సమాధానం: కాడు. దసరానాడు జమ్మి దగ్గరికి పోతూ ఊరి బయట కరెంటు తీగలన్నీ వెతికేది ఇతనే. కూర్చుంటే మట్టిరంగులో ఉండి, ఎగిరితే నీలంగా విచ్చుకునే పాలపిట్ట కంటపడేదాకా మెడ దించడు. దానికి ఎవరూ పైసలివ్వరు. ఆ పిట్టను తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించింది 2014లోనే అయినా, ఈ చూపు అంతకు ఎంతో పాతది.

తాత్పర్యం: మీరు ఏటా ఒక్కరోజు చేసే పనిని నేను తక్కిన రోజుల్లోనూ చేస్తున్నాను.

చదువరులకు మనవి: ఈ ప్రశ్న మీకెదురైతే వాదనకు దిగకండి. బైనాక్యులర్స్ అతని చేతిలో పెట్టండి. ఇంటికి తొందరగా పోవాల్సిన పని మాత్రం ఆరోజు పెట్టుకోకండి, అవి మళ్లీ మీ చేతికి రావడానికి టైం పడుతుంది.