ఎడమకాలి నేరం

చిలకలూరిపేటలో కాపురముంటూ కారు క్లచ్చు ఇంట్లో విప్పుకోవడమంటే, తిరపతి వెళ్ళి సత్రం గదిలో ఎవరి గుండు వాళ్ళే గీసుకోవడం లాంటిది. మద్రాసు-కలకత్తా రోడ్డు మీద బతికిన ఊరు మాది. నిన్నటి 5వ నంబరు హైవే, ఇప్పటి 16వ నంబరు. జిన్నింగు మిల్లులకు పత్తి తెచ్చే లారీలు, గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు మోసే లారీలు, వాటి పుణ్యమా అని వెలిసిన షెడ్లు. ఏ సందులో బండి మొరాయించినా పక్క సందులో ఒక మేస్త్రి ఉంటాడు. మేస్త్రి భోజనానికెళ్తే కుర్రాడుంటాడు. అలాంటి ఊళ్ళో నేను మా పోర్టికోలో వెల్లకిలా పడుకుని మారుతీ 800 గేరుబాక్సు దించాను.

ఎందుకయ్యా అంటే, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఫ్లైవీలు బొమ్మ కళ్ళు మూసుకుని బోర్డు మీద గీస్తాను. జడత్వ భ్రామకం సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిజం ఫ్లైవీలు ఎత్తి ఎరగను, అది వేరే సంగతి. మేస్త్రి చెప్పిన కూలీ విన్నాక, "విప్పడం, మార్చడం, బిగించడం. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?" అని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ నోరు మెదపలేదు. మామూలుగా అయితే మెదిపేదే. కానీ క్లచ్చు పాడుచేసింది తనేనని అప్పటికే ఆవిడను నమ్మించి ఉన్నాను.

కిందటి చలికాలం ఆవిడ ఈ కారు మీదే డ్రైవింగు నేర్చుకుంది. శివరాత్రి దాటాక బండి వాలకం మారింది. యాక్సిలేటరు తొక్కితే ఇంజను కేకలు పెడుతుంది, బండి మాత్రం పెళ్ళినడక నడుస్తుంది. ఎత్తెక్కితే కాలిన వాసన. "నేర్చుకునేవాళ్ళ చేతిలో పడ్డ బండి ఇంతే" అని తీర్పు చెప్పేశాను. చెప్పి ఊరుకున్నానా? చుట్టాలందరికీ ఫోన్లలో చేరవేశాను. మా బావమరిదైతే "అక్కా, నీకెందుకే ఈ కార్లూ గీర్లూ" అని కూడా అన్నాడు.

ముహూర్తం మార్చిలో కుదిరింది. మార్చి అంటే మా వైపు ఏడాది కారానికి మిరపకాయలు కొనే నెల. పోర్టికోలో పట్టా పరిచి తేజాలూ 334లూ ఆరబోసి, ఆవిడ తొడిమలు తీసుకుంటోంది. ఫిజిక్సు కోసం కారాన్ని మేడ మీదికి పంపించాను. కాయలు వెళ్ళాయి గానీ గింజలూ దుమ్మూ నేల మీదే ఉండిపోయాయి. సరిగ్గా అక్కడ వీపు ఆనించి కారు కిందికి దూరాను.

ఎదురింటి బాబాయి గారు లారీలు తోలి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర వేసుకున్నారు. "బ్యాటరీ వైరు తీశావా మాస్టారూ?" తీయలేదు. "జాకీ ఒక్కదాన్నే నమ్ముతావా? మీద పడితే పేపర్లో వేస్తారు." తాటిమొద్దు ముక్కలు కూడా ఆయనే దొర్లించుకొచ్చారు. సిమెంటు ఇటుక పెడితే ఉన్నట్టుండి పిండైపోతుందట, మొద్దయితే మూలిగి చెబుతుందట. నా డిగ్రీలో ఈ పాఠం లేదు.

మారుతీ 800లో ఇంజను అడ్డంగా కూర్చుని ఉంటుంది. పక్కనే గేరుబాక్సు. చక్రాలకు వెళ్ళే ఇరుసులు లాగాలి, స్టార్టరు విప్పాలి, క్లచ్ కేబులూ మీటరు కేబులూ ఊడదీయాలి, ఇంజను జారకుండా ఊతమివ్వాలి, అప్పుడు గేరుబాక్సును పక్కకు జరిపి దించాలి. ఇదంతా రెండు వాక్యాల్లో రాశాను గానీ, గేర్ ఆయిల్ ముందే వంచేయాలన్న సంగతి నాకు ఇరుసు లాగాక తెలిసింది. జుట్టుకు చాలా మంచిదని బాబాయి గారు ఓదార్చారు. దాన్ని తుడుచుకుంటూ కంటిని కూడా తుడుచుకున్నాను. ఆ చేతికి అప్పటికే నేల మీది మిరప దుమ్ము పట్టి ఉంది. ఒక కన్ను మూసుకుని, ముక్కు కారుతుండగా, రెండు చేతులతో గేరుబాక్సును గుండెల మీద మోస్తూ తుమ్ము ఆపుకోవడం ఎలాగో ఏ మేస్త్రినడిగినా చెప్పలేడు.

లోపలి సరుకు బయటపడింది. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. పాత ప్లేట్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడిచాను. ఈ ఒక్క పనీ ఎవరూ చెప్పకుండా సవ్యంగా చేశాను, రాసిపెట్టుకోండి. ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలు. మూడు సిలిండర్ల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరు ఒక్కసారే తోస్తుంది, అంటే 240 డిగ్రీలకో తోపు. తోపుకూ తోపుకూ మధ్య ఖాళీని తన బరువుతో దాటించేది ఫ్లైవీలే. ఈ మాట పిల్లలకు చాలా తేలిగ్గా చెప్పేవాణ్ణి. విప్పి ఒళ్ళో పెట్టుకున్నాక తేలిక అన్న మాట వాడటం మానేశాను.

సానబెట్టించాలంటే లేతు మిషను దగ్గరికి వెళ్ళాలి. స్కూటరు మీద వెనక మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో పాత తువ్వాల్లో చుట్టిన ఫ్లైవీలు. సైజు చూపించి కొత్తవి కొందామని ప్రెజర్ ప్లేటూ రిలీజ్ బేరింగూ సంచీలో వేసుకున్నాం. అదే నా కొంప ముంచింది.

లేతు సాయిబు గారు ఫ్లైవీలును వెలుతురుకు తిప్పి చూసి, "వెంట్రుక పగుళ్ళున్నాయి మాస్టారూ, సాన పెడితే పోవు, మార్చెయ్యండి" అన్నారు. అంతటితో ఆగారా? సంచీలోంచి ప్రెజర్ ప్లేటు తీసి, మధ్యలో చుట్టూరా ఉండే స్ప్రింగు వేళ్ళను బొటనవేలితో తడిమారు. కొసలు అద్దంలా మెరుస్తున్నాయి, గాడి పడి ఉన్నాయి. బేరింగు తిప్పితే కంకర నమిలిన చప్పుడు.

"బండి ఎవరు తోలతారు?"

"ఇద్దరం."

"కొత్తగా నేర్చుకునేవాళ్ళు ప్లేటు అరగదీస్తారు, అంతే. బేరింగు ఇట్టా అరవాలన్నా, వేళ్ళు ఇట్టా అరగాలన్నా, ఏళ్ళ తరబడి పెడలు మీద కాలు ఆనించి ఉంచాల. ఇది కొత్త కాలు కాదు. అలవాటు పడ్డ కాలు."

మా ఆవిడ తువ్వాలు మడత పెట్టుకుంటూ, "ఇంకోసారి చెప్పండి సాయిబు గారూ" అంది.

ఏటా శివరాత్రి రాత్రి పురుషోత్తమపట్నం ప్రభ వెనకాల కోటప్పకొండ దారి పడతాను. ముందు విద్యుద్దీపాల ప్రభలు, వెనక జనసముద్రం, మధ్యలో కదిలీ కదలని నా కారు. ఎడమకాలు పెడలు మీదే, హాఫ్ క్లచ్చు మీదే. మామూలు రోజుల్లో కూడా ఆ కాలు అక్కడే విశ్రాంతి తీసుకుంటుంది. పెడలు రవ్వంత నొక్కినా పట్టు సడలి ప్లేటు రాసుకుంటుందని ఏటా బోర్డు మీద చెప్పేవాణ్ణి. అసలు ఇంట్లో విప్పడానికి కూలీ ఒక్కటే కారణం కాదు. మేస్త్రి విప్పితే ఒక్క చూపులో కనిపెట్టి, ఆవిడ ముందే అనేస్తాడని లోపల్లోపల పీకుతూనే ఉంది.

ఫ్లైవీలు బెజవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాను. బిగింపులో చిక్కొచ్చింది. ప్లేటు మధ్య పళ్ళ రంధ్రం, ఫ్లైవీలు నడిమి రంధ్రం ఒకే గీతలో ఉండకపోతే గేరుబాక్సు ఇరుసు లోపలికి దూరదు. దానికో ప్రత్యేకమైన కడ్డీ ఉంటుంది, నా దగ్గర లేదు. నేను సమీకరణం ఆలోచిస్తుంటే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పప్పుగుత్తి తెచ్చింది. దాని కాడకు కరెంటు టేపు చుట్టి, దూర్చి చూసి, ఇంకో చుట్టు చుట్టింది. ఊగకుండా కూర్చుంది. ప్రెజర్ ప్లేటు 6 బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, గుత్తి లాగేసి గేరుబాక్సు ఎక్కిస్తే మారు మాట్లాడకుండా లోపలికెళ్ళింది. "కట్టుకున్నందుకు ఇంజనీరే దొరికింది" అన్నారు బాబాయి గారు. నా గురించి కాదు.

శిక్ష కూడా పడింది. ఎవరెవరికి ఫోన్ చేసి తన పేరు చెప్పానో వాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చేసి నా పేరు చెప్పాలి, స్పీకరు పెట్టి. మొదట మా చిన్నత్తకు చేశాను. అంతా విని ఆవిడ, "పోనీలే నాయనా, పెళ్ళాన్ని వెనకేసుకు రావడం మంచి గుణమే. కానీ ఆ పిల్లకు మాత్రం బండి ఇవ్వమాక" అంది. బావమరిదీ అదే మాట. మిగతావాళ్ళూ అంతే. ఎవరూ నమ్మలేదు. మా ఆవిడకు ఆ కోపం కూడా నా మీదే.

కొత్త క్లచ్చు పరీక్షకు కోటప్పకొండ ఘాటు రోడ్డు ఎక్కించింది తనే. నేను ఎడమ సీట్లో. మలుపు మలుపుకీ నా కాలు దానంతటదే నేలను తొక్కుతోంది. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది:

"అక్కడ పెడలు లేదులెండి. కాళ్ళు మఠం వేసుకుని కూర్చోండి."